పచ్చరంగు వేసిన ఈల

ఫిబ్రవరి 6

ఇవాళ స్తంభాల ఇంటి నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో అరటిపండు కేకు. గుమ్మంలో నిలబడి "మేడమ్, ఇరుగుపొరుగుతో మా బంధాన్ని తిరిగి నిర్మించుకోవడానికి వచ్చాం" అన్నారు. అన్నది మధ్యవాడు, మిగతా ఇద్దరూ పెదాలు కదిపారు. ఎవరో కాగితం మీద రాసిచ్చిన వాక్యమని మూడిళ్ల అవతలికి కూడా తెలుస్తుంది.

వాళ్లది కాలేజీ కుర్రాళ్లు ఒకే ఇంట్లో కలిసుండే సోదర సంఘం, పేరు మూడు గ్రీకు అక్షరాలు. వ్యాసాల్లో రాసి రాసి విసుగెత్తింది, ఇక్కడ రాయను. ముందు తెల్లటి స్తంభాలున్నాయి కాబట్టి ఊరంతా స్తంభాల ఇల్లంటుంది. నాలుగున్నరేళ్ల కింద కొత్తగా చేరిన నోలన్ డ్రిస్కల్ అనే పద్దెనిమిదేళ్ల పిల్లాడితో తాగించి, వాడు వెనక మెట్ల మీద నుంచి పడితే దుప్పటి కప్పి వదిలేసి, తెల్లారాక గాని ఆంబులెన్సు పిలవని ఇల్లు అది. పిల్లాడు బతికాడు. గంట దూరంలో తల్లి దగ్గరుండి, ఇరవై మూడేళ్ల వయసులో మాటలు మళ్లీ నేర్చుకుంటున్నాడు. కాలేజీ ఆ శాఖను మూసేసింది. పాత సభ్యులు ఆ కుటుంబంతో కోర్టు బయట రాజీ చేసుకున్నారు. ఆ రాత్రి అక్కడెవరున్నారో ఒక్క పేరూ బయటికి రాలేదు.

ఇప్పుడు ఇరవై ఇద్దరు కొత్త కుర్రాళ్లను చేర్చుకుని, ఇల్లు మళ్లీ తెరుస్తామంటున్నారు. ఏప్రిల్ 24న ఊరు-కాలేజీ కమిటీలో ఓటు. ఏడుగురం. అందులో నేనొకదాన్ని.

కేకు తీసుకోలేదు. బాగానే ఉన్నట్టు కనబడింది.

ఫిబ్రవరి 9

నేను పక్షపాతిని కాదు. ఇది రాసి పెట్టుకోవడం మంచిది.

నా వాదన మొదటినుంచీ ఒకటే. కలిగిన ఇళ్ల కుర్రాళ్లు ఒక పెద్ద ఇంట్లో చేరి, ఒకడి తప్పు ఇంకొకడు కప్పడం నేర్చుకుని, ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే పని బ్యాంకుల్లో, శాసనసభల్లో చేస్తారు. దానికి సోదరభావమని పేరు. ఇందులో నా సొంత కోపం ఎక్కడుంది?

నాన్న సంగతి వేరు. ఆండ్రూ కోసిక్ పింగాణీ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు బట్టీ మండించాడు. ఫ్యాక్టరీ మూసిన రోజు తోటివాళ్లు పైకప్పెక్కి, షిఫ్టు మారినప్పుడల్లా కూసే ఇత్తడి ఈలను విప్పి ఆయన చేతిలో పెట్టారు. జానెడు పొడవు, రెండు చేతులతో ఎత్తాల్సిన బరువు. మా వంటింటి కిటికీ పక్క అరలో ఉండేది. యాభై దాటినవాడికి ఈ ఊళ్లో ఇంకెవరూ పనివ్వలేదు. స్తంభాల ఇంట్లో వంటవాడిగా చేరాడు. ఆ ఏడే ఇదే కాలేజీలో నాకు స్కాలర్‌షిప్పు వచ్చింది. క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్లకి పొద్దున మా నాన్న గుడ్లు వేయించి పెట్టేవాడు.

నేను సిగ్గుపడలేదు. ఆయన తరఫున కోపం వచ్చింది. రెండూ వేరు.

1993 అక్టోబరులో నాన్నకి జ్వరం వస్తే ఇద్దరు కుర్రాళ్లు కారులో తెచ్చి దింపారు. వంటింట్లో మంచినీళ్లు తాగి వెళ్లారు. వారం తిరిగేసరికి అర ఖాళీ. ఈల ఏదని అడిగితే "పోయిందిలేమ్మా" అన్నాడు నాన్న, నా మొహం చూడకుండా. నేను వారపత్రికకి ఉత్తరం రాశాను: ఉద్యోగం పోయిన మనిషి దగ్గర మిగిలిన ఒక్క వస్తువునూ ఆయన వండి పెడితే తినే చేతులే ఎత్తుకుపోయాయని. అచ్చయింది. ఊరు మాట్లాడుకుంది. పత్రికవాళ్లు ఇంకోటి రాయమన్నారు. అప్పటినుంచి పగలు గ్రంథాలయంలో పని, వారానికో వ్యాసం. ముప్పై ఏళ్లు. ఆ ఈల ఇప్పటికి ఎన్ని వ్యాసాల్లో కూసిందో.

ఏప్రిల్లో కూడా దానితోనే మొదలుపెడతాను.

ఫిబ్రవరి 17

ఆ రోజు మధ్యలో నిలబడినవాడి పేరు వెస్లీ ఆకర్స్. శాఖ అధ్యక్షుడు. దక్షిణాన బొగ్గు కొండల్లోంచి వచ్చాడు, తల్లి వృద్ధాశ్రమంలో ఆయా. అలాంటివాడు ఆ ఇంట్లో ఎందుకున్నాడో నాకర్థం కాలేదు. పొద్దున గ్రంథాలయానికి వచ్చి "మీకొకటి చూపించాలి" అన్నాడు.

"తిట్టాలనుకుంటే ముందే తిట్టేయండి మేడమ్. తర్వాత నేలమాళిగలోకి దిగుదాం."

"చూశాక తిడతాను. చూడకుండా తిట్టే అలవాటు లేదు."

వాడు దగ్గాడు. నా వ్యాసాలు చదివాడు మరి.

నేలమాళిగలో ఒక గది. తలుపు తీయగానే మంగలి షాపు ముందుండే ఎరుపు తెలుపు చారల స్తంభం, మెథడిస్టు చర్చిలో కీర్తనల నంబర్లు పెట్టే చెక్క పలక, ఎవరిదో ఉత్తరాల పెట్టె, సినిమా హాలు కుర్చీ, బట్టల కొట్టు బొమ్మ చెయ్యి ఒకటి, పసుపు రంగు వానకోటు తొడుక్కున్న సిమెంటు బాతు. అరవై ఒక్క వస్తువులు. నలభై ఏళ్లుగా ఈ ఊరు పోగొట్టుకున్నవన్నీ ఒక్కచోట నిలబడి నావైపు చూస్తున్నట్టుంది.

ప్రతిదానికీ అట్టచీటీ. చీటీ మీద నాలుగు గడులు: వస్తువు, ఎక్కడి నుంచి, తెచ్చినవాడు, పంపినవాళ్లు. కొత్తగా చేరేవాణ్ణి పాతవాళ్లు ఊరి మీదికి పంపుతారు. ఏదో ఒకటి ఎత్తుకొస్తే గాని వాడు సోదరుడు కాడు. అవే వివరాలు ఒక తోలు అట్ట పుస్తకంలో కూడా, తేదీల వరసలో, ముత్యాల్లాంటి దస్తూరీతో. దొంగతనం చేసి, చీటీ కట్టి, పుస్తకంలో ఎక్కించి, కింద సంతకం పెట్టే దొంగల్ని నేనింతవరకు చూడలేదు. మమ్మల్ని ఎవరూ అడగరన్న ధీమా ఎంత ముదిరితే అలాంటి పుస్తకం పుడుతుంది?

"హాల్‌స్టెడ్ గారు చెత్తబండి పిలిపించమన్నారు" అన్నాడు వెస్లీ. గ్రాంట్ హాల్‌స్టెడ్ ఆ ఇంటి పాత సభ్యుల సంఘానికి పెద్ద, వకీలు. "మేం ఓటేసుకున్నాం మేడమ్. ఎవరివి వాళ్లకి ఇచ్చేద్దామని."

"ఇస్తూ ఫొటోలు తీసి పత్రికకి పంపుతారు."

"అదీ ఓటుకి పెట్టాం. పదకొండూ పదకొండూ వచ్చింది. చివరికి వద్దనుకున్నాం."

"ఎందుకో?"

"ఫొటో దిగితే మీరు ఫొటో గురించే రాస్తారని మావాడొకడన్నాడు."

నవ్వు ఆపుకోవడానికి బాతు చీటీ చదివాను. తర్వాత అరవై ఒక్క చీటీలూ చదివాను. పుస్తకంలో 1993 పేజీ రెండుసార్లు చదివాను. ఆ ఏడు తొమ్మిది వస్తువులు. ఈల లేదు.

పుస్తకంలో చివరి కాగితం చింపి ఉంది.

ఫిబ్రవరి 18

అదే కాగితం. నా ఈల ఆ కాగితంలో ఉంది, అందుకే చింపారు.

పుస్తకం తేదీల వరసలో ఉంది కదా అంటే, తర్వాతెప్పుడో ఎక్కించి ఉండొచ్చు.

ఫిబ్రవరి 24

బాతు లొరెయిన్ పర్డీది. మా పక్కిల్లు, డెబ్బై ఎనిమిదేళ్లు. 1991లో వాకిట్లోంచి మాయమైంది. అది తన ఆడపడుచు పెగ్ పనేనని లొరెయిన్ ఊరంతా చెప్పింది. ఆ బాతుకి ఈస్టరుకి టోపీ, క్రిస్మసుకి ఎర్రకోటు కుట్టడం చూసి పెగ్ కుళ్లుకునేదట. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అన్న అంత్యక్రియల్లో కూడా పెగ్ వెనక వరసలో నిలబడి వెళ్లిపోయింది.

వెస్లీ, ఇంకో కుర్రాడు బాతును చెరో వైపు పట్టుకుని తెచ్చి గుమ్మంలో దింపారు. నేను వెనకే నిలబడ్డాను. ఏం జరుగుతుందో చూడకుండా ఇంట్లో కూర్చోగలిగేదాన్ని కాదు.

"క్షమించండి మేడమ్. ఇది మావాళ్లు తీశారు."

లొరెయిన్ చీటీ చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"మీరా?" అంది. "పెగ్ కాదా?"

"కాదండీ."

"ఒరే, మీరు తీశారని నాకెవరైనా చెబితే రెండు బూతులు తిట్టి మర్చిపోయేదాన్ని కదరా. ఇప్పుడు దాని మొహం ఎలా చూడను?"

కుర్రాళ్లు నన్ను చూశారు. వాళ్ల కాగితంలో దీనికి వాక్యం లేదు.

మధ్యాహ్నం లొరెయిన్ బాతును కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. పెగ్ పక్కూరి ఆశ్రమంలో ఉంది. "నువ్వూ వస్తావా బెర్నీ?" అంటే రానన్నాను. "ఏం చెబుతావు?" అని అడిగాను. "తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?" అంది.

మార్చి 2

మంగలి స్తంభం మోయడానికి తోపుడుబండి కావాలని వెస్లీ అడిగితే మా షెడ్డు తీశాను. ఎండిపోయిన పచ్చరంగు డబ్బా కాళ్లకి అడ్డొచ్చింది. ఎప్పుడో పారేయాలి.

మంగలి కొడుకు స్తంభం పుచ్చుకుని, కుర్రాడి చేత కుర్చీ తుడిపించాడు. ఉత్తరాల పెట్టె మనిషి తలుపు మొహం మీద వేశాడు. చర్చి పాస్టరమ్మ పలకను ముద్దు పెట్టుకుంది. వీళ్లు ప్రతి గుమ్మం దగ్గరా చీటీ పైకి చదువుతారు, పేర్లతో సహా. పేర్లలో ఒకాయన ఇప్పుడు జడ్జి. హాల్‌స్టెడ్ ఫోన్ చేసి కేకలేశాడట. వీళ్లు చదవడం మానలేదు. అది నాకు నచ్చింది. నచ్చిందని వ్యాసంలో రాయను.

దారిలో అడిగాను. "నీలాంటివాడు ఈ ఇంట్లో ఎందుకు చేరాడు?"

"నాలాంటివాడంటే?"

"నాకు తెలుసు నువ్వెక్కణ్నుంచి వచ్చావో."

"భోజనానికండి."

"ఏంటి?"

"ఈ ఇంట్లో అందరూ ఒకే టైముకి కూర్చుని తింటారని విన్నాను. అమ్మకి షిఫ్టులు. మా ఇంట్లో ఎవరి గిన్నె వాళ్లదే, పొయ్యి దగ్గర నిలబడి తినేవాళ్లం." బండి ఆపి చెయ్యి మార్చుకున్నాడు. "తీరా చేరాక వంటిల్లే మూసి ఉంది. ఓటు పడితే గాని తెరవరు."

మార్చి 9

వంటిల్లు చూస్తానని నేనే అడిగాను. చింపిన కాగితం ఏ డ్రాయర్లోనో దొరుకుతుందేమోనని. అంతే.

నాన్న అక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాడు. నేను ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టలేదు. కాలేజీకి ఆ వీధి గుండా వెళితే దగ్గర. నేను చర్చి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఆ వీధిలో మంచు సరిగా తీసేవాళ్లు కాదు.

వంటింటికీ భోజనాల హాలుకీ మధ్య గోడలో పళ్లేలు అందించే కిటికీ. గోడంతా లేత పచ్చరంగు, గోడ మీద పాకే గొట్టాలదీ అదే రంగు. డ్రాయర్లన్నీ లాగాం. గరిటెలు, ఎలుక పెంటికలు. వెస్లీ స్టూలు మీద నిలబడి పై అరలు చూస్తున్నాడు. ఆ కిటికీకి సరిగ్గా పైన గొట్టం చివర లావుగా ఒక దిమ్మ ఉంది. జానెడు పొడవు. మధ్యలో నోరు తెరిచినట్టు ఒక చీలిక.

"ఆ గొట్టానికి ఆ దిమ్మేంటి?"

"ఎప్పుడో మూసేసిన పైపండి. పనిచేయదు."

నన్ను స్టూలెక్కనిమ్మన్నాను. ఇంటి తాళంచెవితో గీకాను. పచ్చరంగు కింద ఇంకో పూత పచ్చరంగు. దాని కింద ఇత్తడి.

మార్చి 10

నా ఈల అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు గోడ మీదే ఉంది. దొంగలు దొంగ సొత్తుకి రంగు వేసి దాచారు.

మరి చీటీ ఎందుకు కట్టలేదు?

మార్చి 12

వెస్లీ పాత జాబితాల్లో వెతికి ఒక పేరు పట్టుకొచ్చాడు. వారెన్ టీగ్, 1993లో వంటిల్లు చూసుకునే బాధ్యత అతనిది. ఇప్పుడు పళ్ల డాక్టరు. ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను.

"మీరెప్పుడో చేస్తారనుకున్నాను" అన్నాడు. "ముప్పై ఏళ్లు పట్టింది."

"ఆ ఈల ఎవరు పెట్టారు?"

"మీ నాన్నే, ఆండీయే. జ్వరం తగ్గి పనిలోకి వచ్చిన రోజు సంచిలో వేసుకొచ్చాడు. గాలి కొట్టే యంత్రానికి గొట్టం తగిలించి సాయంత్రం ఐదున్నరకి కూయించాడు. మేడ మీద నిద్రపోతున్నవాళ్లు మంచాల మీద నుంచి దొర్లారు. పనికి పిలిచి పిలిచి దీని గొంతు పోయింది, ఇక తిండికి పిలవనీ అన్నాడు."

"మీరు అడిగారా దాన్ని?"

"అలాంటిదొకటుందనే మాకు తెలీదు."

చదివి వినిపించడానికి పెట్టుకున్న ప్రశ్నల కాగితం నా ముందుంది. అందులో మిగతావేవీ అడగలేదు. ఆయన ఏం వండేవాడని అడిగాను.

"శుక్రవారం క్యాబేజీ నూడుల్స్. దానికోసం పక్క సంఘాలవాళ్లు కూడా దొంగతనంగా వచ్చి కూర్చునేవాళ్లు. వండుతున్నంతసేపూ పాడేవాడుగా, మీ పాత దేశం భాషలో. మాక్కూడా రెండు నేర్పాడు."

నాన్న పాడేవాడా?

ఇంట్లో శుక్రవారం ఆయన పొయ్యి ముట్టుకునేవాడు కాదు. అలసిపోయానని పడుకునేవాడు.

"మరి రంగెందుకు వేశారు?" అన్నాను.

"మేం వేయలేదు. మీ ఉత్తరం అచ్చయ్యాక మేం భయపడ్డాం. విప్పి ఇంటికి పంపేస్తామన్నాం. ఆండీ వద్దన్నాడు. మా అమ్మాయి మొదటిసారి అచ్చులో కనిపించింది, అది తప్పని ఊరికి తెలియక్కర్లేదు అన్నాడు. మర్నాడు రంగు డబ్బా, బ్రష్ తెచ్చుకున్నాడు. ఎవరైనా చూసినా పైపనుకుంటారని. రంగుతో కూడా కూసేది. కొంచెం బొంగురుగా."

"ఊరంతా మిమ్మల్ని దొంగలంది. మీరెవరూ నోరు విప్పలేదు."

"దొంగలమేగా బెర్నడెట్. ఆ ఒక్కటి తప్ప."

మార్చి 13

సరే, వాదిద్దాం.

ఉద్యోగం ఊడగొట్టుకున్న మనిషి, వేరే గతిలేక వండిపెట్టే ఇంట్లో, తన కూడు ఎవరి చేతిలో ఉందో వాళ్లకి ఒక వస్తువు ఇస్తే దాన్ని ఇవ్వడం అంటారా? స్వేచ్ఛగా ఇవ్వాలంటే ఇవ్వకపోయే స్వేచ్ఛ కూడా ఉండాలి. ఆయనకి అది ఉందా? యజమానికి పనివాడిచ్చే కానుక వెనక ఎప్పుడూ ఒక భయముంటుంది. చరిత్ర నిండా ఇదే. కాబట్టి విస్తృతార్థంలో అది దొంగతనమే. నేను రాసింది వివరంలో తప్పు కావచ్చు, సారాంశంలో కాదు.

బాగుంది. ఇది వ్యాసంగా పనికొస్తుంది.

మార్చి 14

భయపడుతూ పాడతారా ఎవరైనా?

మార్చి 20

ఉత్తరం అచ్చయిన రోజు నాన్న పత్రిక వంటింటి బల్ల మీద పరిచి, వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివాడు. ఇంగ్లీషు ఆయన నిదానంగా చదివేవాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన మొహమే చూస్తున్నాను. అయ్యాక అడిగాడు.

"ఇది అచ్చయ్యాక ఇక మార్చడానికి ఉండదా?"

నేను గర్వంగా "ఉండదు నాన్నా" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. "బాగా రాశావు."

మర్నాడు పొద్దున పనికి వెళుతూ షెడ్డులోంచి రంగు డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లాడు. ఎందుకని అడిగాను. వంటింట్లో గోడ పెచ్చులూడిందన్నాడు. ఏ వంటింట్లో అని నేను అడగలేదు. ఇన్నేళ్లూ ఇది గుర్తులేదని చెప్పలేను. గుర్తుంది. పనికొచ్చే జ్ఞాపకంలా కనబడలేదు.

మార్పు వేయొచ్చు. తర్వాతి వారం సవరణ అని నాలుగు లైన్లు. పత్రికల్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. నాకప్పటికి తెలియదు. ఆ తర్వాత తెలిసింది. అప్పుడు కూడా ఆయన ఎందుకలా అడిగాడని నాకు తోచలేదు.

నేను సిగ్గుపడ్డాను. కాలేజీ నాలుగేళ్లూ చర్చి చుట్టూ తిరిగి వెళ్లాను. మంచు కాదు.

ఏప్రిల్ 5

లొరెయిన్‌కి చెప్పాను. బాతు వాళ్ల వాకిట్లో లేదు. పెగ్ కిటికీలో ఉందట, వారం ఆమె దగ్గర, వారం ఈమె దగ్గర.

"ఏం చెప్పావు పెగ్‌కి?" అని మళ్లీ అడిగాను.

"నేనేం చెప్పలేదు. చీటీ చేతిలో పెట్టాను. అది చదివి, ముప్పై మూడేళ్లు నీకు కోటు కుట్టే పని తప్పిందన్నమాట అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం, ఆశ్రమం వాళ్లు టీ ఇచ్చారు." నావైపు తిరిగి అంది: "నీదింకా కష్టం బెర్నీ. నీ పెగ్ బతికి లేడు."

"అందుకే ఎవరికి చెప్పాలో తెలియట్లేదు."

"ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్లకి."

అంటే ఊరందరికీ. కమిటీలో చెబితే హాల్‌స్టెడ్ పండగ చేసుకుంటాడు. ఈ ఇంటి మీద ముప్పై ఏళ్లు రాసిన మనిషి మొదటి వాక్యమే తప్పంటాడు. నోలన్ గురించి నేను చెప్పేది కూడా అదే బుట్టలో వేస్తాడు. చెప్పకపోతే నోలన్ గురించి నా మాట నిలుస్తుంది.

ఇలా ఆలోచించేవాళ్ల మీదే కదా ముప్పై ఏళ్లు రాశాను.

ఏప్రిల్ 24

గ్రంథాలయం హాలు, మధ్యాహ్నం మూడు గంటలు. వెస్లీ అరవై ఒక్క వస్తువుల జాబితా చదివాడు. యాభై రెండు ఇచ్చేశారు, ఐదుగురు వద్దన్నారు, నలుగురు చనిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. మంగలి కొడుకు లేచి ఈల వేశాడు. హాల్‌స్టెడ్ మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

నా వంతు వచ్చింది. రాసుకున్న నాలుగు లైన్లు చదివాను. 1993లో ఈ ఇంటివాళ్లు మా నాన్న ఈలను దొంగిలించారని రాశాను. దొంగిలించలేదు. ఆయన ఇష్టపడి ఇచ్చాడు. నేను ఆయన్ని అడక్కుండా రాశాను, ముప్పై ఏళ్లు రాస్తూనే ఉన్నాను, ఈ వారం పత్రికలో సవరణ వస్తుంది.

వెనకెక్కడో కుర్చీ కిర్రుమంది. హాల్‌స్టెడ్ నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా తలవంచాడు. ఆ తలవంచడం చచ్చినా మర్చిపోను.

"నా చీటీ నేను కట్టాను" అన్నాను. "వెస్లీ, మీ పుస్తకంలో చివరి కాగితం ఏది?"

"అది చట్టానికి సంబంధించిన విషయం బెర్నీ" అన్నాడు హాల్‌స్టెడ్. "నీకు తెలియనిది కాదు."

"నిన్నడగలేదు గ్రాంట్."

వెస్లీ చేతిలో జాబితా మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"హాల్‌స్టెడ్ గారి దగ్గరుందండి. నోలన్ పడిన రాత్రిది. మేం రెండుసార్లు అడిగాం. సంఘం మంచి కోరేవాళ్లు అది అడగరన్నారు."

ఏడు చేతుల్లో నాలుగు వద్దన్నాయి. నాలుగోది నాది.

బయట మెట్ల మీద లొరెయిన్ పట్టుకుంది. "వాళ్ల తప్పు లేదని నీ నోటితో నువ్వే చెప్పి, మళ్లీ వద్దని చెయ్యెత్తావా?"

"ఈల విషయంలో తప్పు లేదన్నాను."

"నువ్వు మారవే."

వెస్లీ మాత్రం ఒకటే అడిగాడు. "ఆ కాగితం తెస్తే మేడమ్?"

"నాకు తేవక్కర్లేదు" అన్నాను.

మే 3

వెస్లీ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో ఏమీ లేదు.

ఇరవై ఇద్దరూ వెళ్లి హాల్‌స్టెడ్ ఆఫీసులో నేల మీద కూర్చున్నారట. క్లాసులు మానేసి, మూడు రోజులు. కక్షిదారులు వాళ్ల కాళ్లు దాటుకుంటూ వచ్చారట. మూడో రోజు సాయంత్రం ఆయన బీరువా తెరిచాడు.

"ధర్నా ఎవరు నేర్పారు మీకు?"

"మీరే. గ్రంథాలయానికి నిధులు కోసినప్పుడు మేయరు గదిలో కూర్చున్నారుగా. వ్యాసంలో చదివాం. భోజనం డబ్బాలు తెచ్చుకోవాలని కూడా రాశారు."

"కాగితంలో ఏముంది?"

"మిగతావాటిలాగే ఉందండి. వస్తువు, రైలు గేటు లాంతరు. ఎక్కడి నుంచి, నది వంతెన. తెచ్చినవాడు, నోలన్ డ్రిస్కల్. పంపినవాళ్లు, నాలుగు పేర్లు." గడ్డం గీరుకున్నాడు. "టైము కూడా వేశారు. పదకొండున్నర. వాడు పడింది పదకొండింటికి, ఆంబులెన్సు వచ్చింది ఆరింటికి. అంటే వాడు మెట్ల కింద పడి ఉండగా పైన కూర్చుని చీటీ రాశారు మేడమ్. అక్షరాలు చాలా బాగున్నాయి."

ముప్పై ఏళ్లలో వాళ్ల గురించి నేను ఊహించి రాసినదేదీ ఇంత నిదానంగా లేదు.

కాగితం వాళ్లు నాకు గాని, కాలేజీకి గాని ఇవ్వలేదు. గంట ప్రయాణం చేసి నోలన్ తల్లికి ఇచ్చి వచ్చారు. ఏం చేసుకోవాలో ఆవిడ ఇష్టం.

"ఏమంది ఆవిడ?"

"అది ఆవిడ మాటండి" అన్నాడు.

"నోలన్ ఉన్నాడా?"

"ఉన్నాడు." అంతకంటే చెప్పలేదు. నేను ఆగలేక ఇంకో రెండు రకాలుగా అడిగాను. చెప్పలేదు. వీణ్ణి పాడుచేయడం అంత తేలిక కాదనిపించింది.

జూన్ 12న కమిటీ మళ్లీ కూర్చుంటుంది. ఆ సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్లబోతుంటే అడిగాను, ఆ రోజు అరటిపండు కేకు ఎవరు చేశారని.

"నేనేనండి."

"ఒక ఖాళీ చీటీ ఉందా మీ దగ్గర?"

మే 4

వెస్లీ వంటిల్లు తెరిచి, స్టూలు వేసి, బయట నిలబడ్డాడు. రంగు గీకిస్తానన్నాడు. వద్దన్నాను. నా తాళంచెవి గీత ఒక్కటే మెరుస్తోంది, అది చాలు. చీటీకి దారం కట్టి ఈల మెడకి వేలాడదీశాను.

వస్తువు: ఇత్తడి ఈల. ఎక్కడి నుంచి: మా వంటింటి అర. తెచ్చినవాడు: ఆండ్రూ కోసిక్. పంపినవాళ్లు: ఎవరూ లేరు.

రంగుకి ఆ చీటీలో గడి లేదు. కింద పెన్సిలుతో ఒకటి గీశాను.

రంగు వేయించినది: బెర్నడెట్ కోసిక్.